గన్ అడిగింది 7, నేను పెట్టింది 0.5: ఇంట్లో పౌడర్ కోటింగ్‌కు గాలి ఒత్తిడి లెక్కలు

మా మేడ మీద నీళ్ల ట్యాంకు పక్క గోడకు అరచేయంత నల్లటి మరక ఉంది. ఒక ఆదివారం పొద్దున పాత బైకు ఫుట్‌రెస్టుకు పౌడర్ కోటింగ్ వేద్దామని, అంటే పొడి రంగును గన్‌తో చల్లి ఓవెన్‌లో కాల్చి అంటిద్దామని కూర్చున్నాను. గన్‌తో వచ్చిన కాగితంలో 7 పీఎస్ఐ అని ఉంది. కంప్రెసర్ గాలి ఒత్తిడిని తగ్గించే నా రెగ్యులేటర్ డయల్ మీద పీఎస్ఐ గీతలు లేవు. సరే, ఉన్నవి ఒత్తిడికి ఇంకో కొలత అయిన బార్ గీతలే అనుకుని లెక్క వేసుకున్నాను. ఒక బార్‌కు 14.5 పీఎస్ఐలు కాబట్టి 7ను 14.5తో భాగిస్తే 0.48, అంటే ఇంచుమించు అర బార్. ముల్లును 0.5 మీద నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కాను.

పౌడర్ కప్పు టప్పున ఊడి వెళ్లి ట్యాంకుకు తగిలింది. నల్లటి పొగమంచు లాంటిది లేచి, తీరిగ్గా పక్కింటి దండెం మీది తెల్ల చొక్కాల మీద వాలింది. ఆ తరువాత జరిగిన సంభాషణ ఇక్కడ అప్రస్తుతం.

లెక్కలో తప్పు లేదు. డయల్ మధ్యలో, ముల్లు ఇరుసు కింద, ఆవగింజంత అక్షరాల్లో ‘ఎంపీఏ’ అని ఉంది. మెగాపాస్కల్ అన్నమాట. నేను గన్‌కు ఇచ్చింది అర బార్ కాదు, ఐదు బార్. అడిగిన దానికి పది రెట్లు.

బెంగళూరులో మనలాగా ఇంట్లోనే చిన్న గన్, చిన్న కంప్రెసర్, పాత ఓవెన్ పెట్టుకుని ఈ పని మొదలుపెట్టేవారికి పౌడర్ రంగుల గురించి చెప్పేవారు చాలామంది దొరుకుతారు. గాలి గురించి చెప్పేవారు తక్కువ. కాబట్టి ఆ ఒక్క సంగతే చెబుతాను.

మొదట డయల్ మీది అక్షరాలు చదవండి, అంకెలు కాదు

మన ఊళ్లో ఒకే పనికి నాలుగు కొలతలు చలామణిలో ఉన్నాయి. టైరు షాపులో కుర్రవాడు ‘ముప్పై రెండు పెట్టనా?’ అంటే అవి పీఎస్ఐలు, అంటే చదరపు అంగుళం మీద అన్ని పౌండ్ల బరువు. బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలో పౌడర్ కోటింగ్ షెడ్డులో అడిగితే ‘ఆరు కేజీలు’ అంటారు. అది చదరపు సెంటీమీటరు మీద ఆరు కిలోల బరువు. కంప్రెసర్ మీద అతికించిన కాగితం ‘8 బార్’ అంటుంది. జపాన్, చైనాల నుంచి వచ్చే రెగ్యులేటర్లు చాలావరకు మెగాపాస్కల్ అంటాయి. పాస్కల్ పేరు 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్‌ది. దాన్ని 1971లో అంతర్జాతీయంగా ఒత్తిడి కొలతగా ఖాయం చేశారు. ఒక్క పాస్కల్ అంటే ఒక కాగితం బల్ల మీద పరుచుకుని మోపేటంత ఒత్తిడి, అది మన పనికి అందని చిన్నది. అందుకే దాన్ని వేలల్లో కిలోపాస్కల్ అని, పది లక్షల్లో మెగాపాస్కల్ అని కడతారు.

వీటి మధ్య బంధుత్వం ఒక్కసారి గోడ మీద రాసి పెట్టుకుంటే చాలు:

1 బార్ = 14.5 పీఎస్ఐ = 100 కిలోపాస్కల్ = 0.1 మెగాపాస్కల్ = 1.02 కేజీ

‘కేజీ’ని, బార్‌ను ఇంటి పనిలో ఒకటే అనుకోవచ్చు, తేడా నూటికి రెండు పాళ్లు మాత్రమే. మెగాపాస్కల్‌ను పదితో గుణిస్తే బార్. పీఎస్ఐని బార్‌లోకి మార్చడానికి నోటి లెక్క కావాలంటే 15తో భాగించండి, వచ్చినదానికి పిసరంత కలపండి. 10 పీఎస్ఐ అయితే 0.69 బార్, అంటే 69 కిలోపాస్కల్, అంటే 0.069 మెగాపాస్కల్. ఈ చివరి అంకెలో సున్నా తరువాత మరో సున్నా ఉంది చూశారా? నా ఫుట్‌రెస్టు కథంతా ఆ సున్నాలోనే ఉంది.

డయల్ మీద రెండు వలయాలు ఉంటే ఇంకో చిక్కు. బయటి వలయం నలుపు, లోపలిది ఎరుపు, లేదా తారుమారు. నల్ల అంకెలు ఎప్పుడూ బార్ అనే నియమం లేదు. ఏ రంగు ఏ కొలతదో డయల్ కింది భాగంలో అదే రంగులో రాసి ఉంటుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని అయినా చదవండి.

గన్ నిజంగా ఎంత అడుగుతుంది

ఇంటి వాడకానికి అమ్మే చిన్న గన్‌లు, కప్పు కిందకు వేలాడే రకం, మామూలుగా 5 నుంచి 10 పీఎస్ఐ అడుగుతాయి. అంటే 0.35 నుంచి 0.7 బార్. కారు టైరులో ఉండే గాలిలో మూడో వంతు కూడా కాదు. మీ గన్ కాగితంలో ఉన్నదే మీకు వేదం. అందులో ‘గరిష్ఠం’ అని మరో అంకె కూడా ఉంటే అది ఎర్ర సిరాతో రాసిపెట్టుకోవాలి.

పీణ్యాలో నేను పని నేర్చుకోవడానికి వెళ్లిన షెడ్డులో చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఫోర్‌మన్ ఒకాయన ఉన్నారు. ‘ఎంత ప్రెషర్ పెట్టాలన్నా?’ అని అడిగితే ‘ఆరు కేజీలు సార్’ అన్నారు. ఇంటికి వచ్చి అలాగే పెట్టి ఉంటే కప్పు ట్యాంకుకు కాదు, నా ముఖానికే తగిలేది. ఆయన చెప్పింది ఆయన యంత్రానికి లైన్‌లో వచ్చే గాలి సంగతి. పెద్ద యంత్రాలకు ఐదారు బార్ లోపలికి ఇస్తారు. పెట్టెలో ఉన్న సొంత రెగ్యులేటర్లు దాన్ని తగ్గించి, పౌడర్‌ను మోసే గాలిగా, దాన్ని విడగొట్టి పలచన చేసే గాలిగా పంచుతాయి. మనింటి గన్‌లో ఆ పెట్టె లేదు. తగ్గించే పని మనదే. ఎవరైనా ఒత్తిడి అంకె చెబితే ముందు అడగాల్సింది ఒకటే: ఎక్కడ కొలిచింది? కంప్రెసర్ దగ్గరా, లైన్‌లోనా, గన్ మొదట్లోనా?

ఒత్తిడి ఎక్కువైతే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే చేయి ఊరుకోదు. పౌడర్ రేణువు గన్ మూతి దగ్గర విద్యుత్ ఆవేశం తెచ్చుకుని, ఎర్త్ చేసిన లోహానికి అంటుకుంటుంది. గాలి వేగం పెరిగితే రేణువుకు ఆవేశం అందే సమయం తగ్గుతుంది. పైగా అంటుకున్న పౌడర్‌ను వెనక వచ్చే గాలే ఊదేస్తుంది. మూలల్లోకి, సందుల్లోకి పౌడర్ వెళ్లడం లేదని ఒత్తిడి పెంచుతారు చాలామంది. నేనూ పెంచాను. పని తలకిందులవుతుంది. ఇరుకు మూలల్లోకి విద్యుత్ క్షేత్రం చొరబడదు, అంచులకే లాగుతుంది. అక్కడ గాలిని కాస్త తగ్గించి, గన్‌ను నెమ్మదిగా, వేరే కోణం నుంచి చూపితే పౌడర్ మెత్తగా లోపలికి దిగుతుంది. మరీ తగ్గించినా బాగుండదు. అప్పుడు గన్ తుమ్మినట్టు ముద్దలు ముద్దలుగా వదులుతుంది.

సరైన గేజ్ కొనండి. అసలు సంగతి ఇక్కడే ఉంది

కంప్రెసర్‌తో వచ్చే రెగ్యులేటర్ గేజ్ సాధారణంగా 0 నుంచి 10 బార్, లేదా 0 నుంచి 1 మెగాపాస్కల్. ముల్లు మొదటి నుంచి చివరి వరకు ముప్పావు చుట్టు తిరుగుతుంది. ఆ డయల్ మీద అర బార్ అంటే ముల్లు కదిలేది గడియారంలో నిమిషాల ముల్లు రెండు నిమిషాలకు కదిలినంత. మన పని అంతా ఆ రెండు నిమిషాల జాగాలో జరగాలి. అదే 0 నుంచి 2.5 బార్ గేజ్ అయితే అర బార్‌కు ముల్లు తొమ్మిది నిమిషాలంత దూరం నడుస్తుంది. 5 పీఎస్ఐకి, 7 పీఎస్ఐకి తేడా కంటికి కనిపిస్తుంది.

కనిపించడం ఒక్కటే కాదు, నమ్మవచ్చా అన్నది ఇంకా ముఖ్యం. మంచి గేజ్ డయల్ మీద అడుగున ‘సీఎల్ 2.5’ అనో ‘సీఎల్ 1.6’ అనో చిన్నగా ఉంటుంది. సీఎల్ అంటే క్లాస్, గేజ్ కచ్చితత్వపు తరగతి. ఆ 2.5 అనేది ముల్లు చూపే అంకెలో శాతం కాదు, డయల్ పూర్తి కొలతలో శాతం. 10 బార్ గేజ్‌కు 2.5 శాతమంటే పావు బార్. మీరు అర బార్ అనుకుంటున్నది నిజానికి పావు బార్ కావచ్చు, ముప్పావు బార్ కూడా కావచ్చు. రెండు సందర్భాల్లోనూ గేజ్ తయారుచేసినవాడి తప్పు లేదు. అదే 2.5 బార్ గేజ్, 1.6 తరగతిది తీసుకుంటే పొరపాటు 0.04 బార్, అర పీఎస్ఐ కన్నా కాస్త ఎక్కువ. ధర తేడా పెద్దగా ఉండదు. చౌక గేజ్‌ల మీద ఏ తరగతీ రాసి ఉండదు. వాటిని ‘గాలి ఉంది, లేదు’ అని చెప్పడానికి వాడుకోండి.

బెంగళూరు ఎస్పీ రోడ్డు బజారు గల్లీల్లో అడిగేటప్పుడు ‘గేజ్ ఇవ్వండి’ అంటే 10 బార్‌దే చేతిలో పెడతారు. ‘సున్నా నుంచి రెండున్నర, పావు అంగుళం బీఎస్పీ మర’ అని అడగండి. బీఎస్పీ అంటే పైపు మరల బ్రిటిష్ ప్రమాణం. మర సరిపోకపోతే టెఫ్లాన్ టేపు చుట్టి బిగించే ప్రయత్నం చేయకండి, సరైన అడాప్టరే కొనండి. గేజ్‌తో పాటు తక్కువ ఒత్తిడి రెగ్యులేటర్ కూడా, అంటే 2 బార్ లోపు పరిధిది, అడగండి. పెద్ద స్ప్రింగు ఉన్న 10 బార్ రెగ్యులేటర్ నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పినా అర బార్ నుంచి ఒకటికి దూకుతుంది.

ముల్లు నిజం చెబుతోందా? మేడ మీది ట్యాంకును అడగండి

ఇది నాకు ఇష్టమైన భాగం. పది మీటర్ల ఎత్తు నీటి అడుగున ఒత్తిడి దాదాపు ఒక కేజీ. కొంచెం సున్నితంగా లెక్కిస్తే మీటరుకు 0.0975 బార్. మన గన్‌కు కావలసిన ఒత్తిడి సరిగ్గా మామూలు ఇంటి ఎత్తులోనే ఉంది. అంటే ప్రతి ఇంటికీ తక్కువ ఒత్తిడిని కొలిచే ప్రమాణం ఒకటి మేడ మీదే సిద్ధంగా ఉంది.

పెరటి కొళాయిల్లో ఒకటి మేడ ట్యాంకు నుంచి వచ్చేది ఎంచుకోండి. బెంగళూరులో కింది కొళాయి చాలా ఇళ్లలో నగరపు కావేరి నీటి సరఫరా లైనుకే కలిపి ఉంటుంది. అది పనికిరాదు, దాని ఒత్తిడి గంటకో రకంగా ఉంటుంది. ప్రెషర్ పంపు ఉన్న ఇళ్లలో పంపు ఆపేయాలి. రెండు మీటర్ల పారదర్శక గొట్టం ఒక కొసను కొళాయికి క్లిప్పుతో బిగించి, రెండో కొసకు గొట్టం నాజిల్ ద్వారా గేజ్ తగిలించండి. గేజ్‌ను కొళాయి కన్నా ఎత్తుగా పట్టుకోండి. గొట్టంలో కొంత గాలి చిక్కుకుని ఉండాలి, నీళ్లు గేజ్‌లోకి వెళ్లకూడదు. ఇంట్లో మిగతా కొళాయిలన్నీ మూసి, దీన్ని నెమ్మదిగా తెరవండి. ఇప్పుడు ట్యాంకులో నీటి మట్టం నుంచి గొట్టంలో నీటి మట్టం వరకు ఎత్తు కొలవండి. తాడుకు బోల్టు కట్టి పైనుంచి వదిలితే చాలు.

మా ఇంట్లో అది ఏడున్నర మీటర్లు వచ్చింది. అంటే 0.73 బార్, 10.6 పీఎస్ఐ. కొత్త గేజ్ 0.74 దగ్గర నిలబడింది. పాత 10 బార్ గేజ్‌ను పెడితే ముల్లు కాసేపు సున్నా పిన్నుకు ఆనుకుని కూర్చుని, నేను వేలితో అద్దం మీద తడితే ఉలిక్కిపడి లేచి 0.95 దగ్గర ఆగింది. దాని తరగతి 2.5, కనుక ఆ అబద్ధం నిబంధనల ప్రకారం అనుమతించినదే.

సున్నా అంటే ఏ సున్నా

గేజ్ మీది సున్నా శూన్యం కాదు, మన చుట్టూ ఉన్న గాలి. ముల్లు చూపేది దాని పైన ఎంత ఉందన్నదే. కొన్ని కాగితాల్లో పీఎస్ఐ చివర ‘జి’ అని ఉంటే ఇదే. ‘ఏ’ అని ఉంటే శూన్యం నుంచి లెక్క. గన్‌ల కాగితాలు దాదాపు ఎప్పుడూ మొదటి రకమే.

చెన్నైలో సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి ఒక బార్‌కు కాస్త పైన. 900 మీటర్లకు పైగా ఎత్తున్న బెంగళూరులో సుమారు 0.91 బార్. ఇక్కడివారు గన్ ఒత్తిడి మార్చుకోవాలా అని చెన్నైలో ఉండే మా బావమరిది అడిగాడు. అవసరం లేదు. గేజ్ రెండు చోట్లా చుట్టూ ఉన్న గాలితోనే పోల్చుతుంది. కంప్రెసర్‌కు మాత్రం తేడా తెలుస్తుంది. అది పీల్చే గాలే పదో వంతు పలచగా ఉంటుంది కాబట్టి ట్యాంకు నింపడానికి ఇక్కడ కాస్త ఎక్కువసేపు మోగుతుంది.

ఒత్తిడి వేరు, గాలి పరిమాణం వేరు

సీఎఫ్ఎం అన్నది నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అన్న లెక్క. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి 28.3 లీటర్లు. కంప్రెసర్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది తరచుగా పిస్టన్ ఊడ్చే పరిమాణం. బయటికి వచ్చే గాలి అంతకన్నా బాగా తక్కువ. ‘ఫ్రీ ఎయిర్ డెలివరీ’ అని విడిగా రాసి ఉంటే ఆ అంకెనే చూడండి.

ఉదాహరణకు మీ గన్ 2 సీఎఫ్ఎం తాగుతుందనుకోండి, నిమిషానికి 57 లీటర్లు. 50 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 4కు దిగితే వచ్చేది 50ని 4తో గుణించినంత, 200 లీటర్ల మామూలు గాలి. అంటే మోటారు ఆపేసినా మూడున్నర నిమిషాలు పని నడుస్తుంది. ఫుట్‌రెస్టుకు అది ధారాళం. చిన్న వస్తువులకు నేను మోటారు ఆపే వేస్తాను, చెవులకూ పొరుగుకూ శాంతి.

ఇప్పుడు ఒత్తిడి పెట్టే వరుస

కంప్రెసర్ నిండాక ముందు ట్యాంకు అడుగు మర విప్పి నీళ్లు వదలండి. బెంగళూరు వానాకాలపు గాలిని 50 లీటర్ల ట్యాంకులో 8 బార్‌కు ఒక్కసారి నొక్కితే, చల్లారాక టీస్పూనుకు పైగా నీళ్లు మిగులుతాయి. నమ్మకపోతే ఒక గ్లాసు పెట్టి పట్టండి. ఆ నీటిలో ఒక్క చుక్క గన్‌లోకి వెళ్లినా పౌడర్ పిండి ముద్దవుతుంది, ఓవెన్‌లో పెట్టాక కోటింగ్ మీద బొక్కలు కనిపిస్తాయి. నీటిని పట్టే ఫిల్టరును కంప్రెసర్‌కు అంటించకుండా నాలుగైదు మీటర్ల గొట్టం తరువాత పెట్టండి. అప్పటికి గాలి చల్లారి నీరు విడిపోతుంది.

మొదటి రెగ్యులేటర్‌ను 2 లేదా 3 బార్ దగ్గర పెట్టండి. రెండోది, తక్కువ ఒత్తిడిది, గన్ దగ్గరగా ఉండాలి. దాని నాబ్‌ను పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టండి. కప్పు ఖాళీగానే ఉంచి, కరెంటు యూనిట్ ఆపి, ట్రిగ్గర్ నొక్కి గాలి పారుతుండగా నాబ్‌ను నెమ్మదిగా బిగిస్తూ 0.35 బార్‌కు, అంటే 5 పీఎస్ఐకి తీసుకురండి. గాలి ఆగి ఉన్నప్పుడు పెట్టిన అంకెను నమ్మకండి. ఆగినప్పుడు 10 పీఎస్ఐ చూపిన ముల్లు, ట్రిగ్గర్ నొక్కగానే సన్న గొట్టాల్లో రాపిడికి 6కో 7కో దిగిపోతుంది.

అంకె దాటిపోతే నాబ్ వెనక్కు తిప్పి ఊరుకుంటే చాలదు. కొన్ని రెగ్యులేటర్లు మిగులు గాలిని బుస్సుమని తామే వదిలేస్తాయి, కొన్ని వదలవు. అందుకే కావలసిన దానికన్నా కిందికి దించి, ట్రిగ్గర్ నొక్కి గాలి పోనిచ్చి, మళ్లీ కింది నుంచి పైకి రండి.

తరువాత కప్పులో మూడో వంతు పౌడర్ వేసి, ఎర్త్ క్లిప్పు వస్తువుకు బిగించి, ముందుగా ఒక పనికిరాని రేకు ముక్క మీద వేసి చూడండి. మబ్బు మెత్తగా, సాంబ్రాణి పొగలా రావాలి. ఈల వేసినట్టు దూసుకువస్తే ఎక్కువ. అర పీఎస్ఐ చొప్పున సవరించండి. నా గన్ చివరికి 6.5 దగ్గర స్థిరపడింది. ఆ చోట డయల్ అద్దం మీద మార్కరుతో గీత గీశాను. ఇప్పుడు ఏ కొలతా చదవను, గీతే చూస్తాను.

మాస్కు తప్పనిసరి. గాలిలో మబ్బుగా లేచిన పౌడర్ నిప్పు తగిలితే భగ్గుమంటుంది కాబట్టి గ్యాస్ పొయ్యికి, పూజ దీపానికి దూరంగా, గాలి ఆడే చోట చేయండి. చేతుల మీది పౌడర్‌ను కంప్రెసర్ గాలితో ఊదుకోవద్దు. గాలితో శుభ్రం చేసేటప్పుడు 30 పీఎస్ఐ దాటకూడదని అమెరికా కార్మిక భద్రతా నిబంధన కూడా చెబుతుంది, అదీ వస్తువుల విషయంలో. నేలకు చీపురు, చర్మానికి సబ్బు చాలు.

పక్కింటివారి చొక్కాలకు మాత్రం మామూలు సబ్బే సరిపోయింది. ఓవెన్ వేడి తగలని పౌడర్ ఉత్త పిండే కాబట్టి ముందు పొడిగా దులిపి, తరువాత చల్లటి నీళ్లతో ఉతికాను. ఇస్త్రీ పెట్టె దగ్గరికి మాత్రం పోనివ్వలేదు.